ఖాళీ లేని ఫైలు

ఫైలు మూసేముందు పెంటయ్య వేలు ప్రతి గడి మీదా ఒకసారి నడుస్తుంది. జగిత్యాలలో ఓ క్యాన్సర్ ఆసుపత్రి రికార్డు గదిలో పంతొమ్మిదేళ్లుగా అదే పని. కోరుట్ల నుంచి ఎనిమిదింటి బస్సుకు రావడం, టిఫిన్ డబ్బా కిటికీలో పెట్టడం, డాక్టర్లు వదిలేసిన గడులు రోగుల వెంటపడి నింపడం. ఖాళీ గడి కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టే ఆయనకు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా ‘ఉప్పు’ అని రాసిపెట్టిన మనిషి.

అన్నిట్లోకీ బాలమణి ఫైలంటే ముద్దు. సిరిసిల్ల దగ్గరి తంగళ్ళపల్లి మనిషి, రొమ్ము క్యాన్సర్. వయసు, కాన్పులు, పడని సూదులు, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. మిగిలింది చివరి గడి: ఇప్పుడెలా ఉంది? మూడు నెలలుగా ఆమె రాలేదు. ఈ సాయంత్రం ఫైలు లెక్కల కోసం హైదరాబాదు పోవాలి. అందుకే నిన్న ఫోన్ చేసి రమ్మన్నాడు.

మధ్యాహ్నం ఒకామె వచ్చి మందుల కవరు బల్ల మీద పెట్టింది. అదే ముఖం. ముడి మాత్రం పిడికిట్లో పట్టనంత ఉంది. మందులకు రాలిన జుట్టు మూడు నెలల్లో అంత పెరగదు.

“నువ్వేనా బాలమణి?”

“నేనే సారూ. కానీ ఈడ మందులు తీసుకున్నది నేను గాదు, మా చెల్లె రుక్కమ్మ. దానికి సర్కారు వైద్యం కార్డు లేకపాయె. నా కార్డు మీద చూపించుకున్నది. ఇద్దరం ఒక్క తీరుగనే ఉంటుంటిమి.”

పెంటయ్య ఫైలు తెరిచి వేలు పెట్టాడు.

“ముగ్గురు పిల్లలని రాసిన...”

“నాకు. దానికి కడుపే పండలే.”

“అన్ని సూదులు పడతయని...”

“నాకు పడతయి. దానికి ఒక సూది పడకపోతుండె, ఒళ్లంత దద్దుర్లు లేస్తుండె. కార్డు నాది గదా, నా లెక్కనే చెప్పాలె అనుకున్నది.”

అన్నీ తాను రాసినవే. అంత గుండ్రటి తన అక్షరాలు చూస్తే తనకే భయం వేసింది.

“ఇప్పుడామె ఎట్లున్నది?”

“దసరా ముందట పోయింది సారూ, ఇంట్లనే. నేను సచ్చిన్నని మాత్రం రాయకుండ్రి. కార్డు కొట్టేస్తరు. పిల్లలున్నరు నాకు.”

పెంటయ్య పెన్ను గడి మీద ఆగింది. బతికి ఉందంటే రుక్కమ్మ చావు ఏ కాగితంలోనూ ఉండదు. పోయిందంటే ఎదురుగా నిలబడ్డ ఈమె పోతుంది. పెన్నుకు మూత పెట్టి, గడి ఖాళీగానే వదిలేసి ఫైలు కట్టేశాడు.

బాలమణి సిరిసిల్ల బస్సుకు వెళ్లిపోయింది. కవరు బల్ల మీదే ఉండిపోయింది. మిగిలిన మాత్రల కింద ఒక రూళ్ల నోటుబుక్కు. ఆసుపత్రి సంతకం కోసం రుక్కమ్మ అందులో పేజీలకు పేజీలు వంకర టింకరగా దిద్దుకుంది: బాలమణి, బాలమణి, బాలమణి.