రెండో డబ్బాలో పట్టీలు

నీళ్లలో సీసం ఉందో లేదో పట్టే సెన్సర్లకు కార్బన్ ఎలక్ట్రోడ్లు అచ్చువేసేది అక్క. వాటిని పరీక్షించేది తమ్ముడు. సన్నటి జాలీ మీద నల్లటి సిరా పోసి, రబ్బరు పలకతో ఆవిడ ఒక్క లాగు లాగితే ప్లాస్టిక్ పట్టీల మీద గీతలు అచ్చుగుద్దినట్టు పడేవి. పద్నాలుగేళ్లుగా అదే పని. తమ్ముణ్ణి ల్యాబులో చేర్పించిందీ, పని నేర్పిందీ ఆవిడే.

కొత్తగా వచ్చిన డైరెక్టరుకి అచ్చు యంత్రం కొనాలని పట్టుదల. ఒకరోజు పొద్దున్నే తమ్ముడి బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు.

"ఒకటి యంత్రం కంపెనీవాళ్లు చేసి పంపింది, ఒకటి మన చేతిపని. ఏది ఏదో చెప్పను. పోల్చి చూసి మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పు."

ఒక్కో డబ్బాలోంచి ఇరవై తీసి పరీక్షించాడు తమ్ముడు. మొదటి డబ్బావి కంప్యూటర్ తెర మీద నిటారుగా శిఖరాలు గీశాయి. రెండో డబ్బావి చతికిలపడ్డాయి. ఏ రెంటికీ పొంతన లేదు. చేతిపని అంటే అక్కదే కదా, ఇంత అధ్వాన్నంగా ఉండదు, ఇవి యంత్రానివే అయ్యుంటాయనుకున్నాడు. మీటింగులో పదిమంది ముందు రెచ్చిపోయాడు.

"రెండోవి చెత్తబుట్టకి తప్ప దేనికీ పనికిరావు సార్. చేసినవాళ్లకి ఓనమాలు కూడా రావు."

డైరెక్టరు వెనక వరసలోకి చూసి నవ్వాడు. "విన్నారామ్మా? అవి మీవే. అంటున్నదీ మీ తమ్ముడే."

అందరూ గొల్లుమన్నారు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. బయటికొచ్చాక మెల్లిగా అంది: "అవి సిరా ఆరడానికి ఓవెన్‌లో పెట్టినవేనంటావా? ఒక్కసారి చూడరా."

రెండో డబ్బాలో మిగిలిన పట్టీల్ని అరగంట ఓవెన్‌లో ఉంచి మళ్లీ పరీక్షించాడు. యంత్రం చేసినవాటికి ఏమాత్రం తీసిపోలేదు. సిరా ఆరకముందే ఎవరో అక్క అరలోంచి తీసుకొచ్చారన్నమాట.

డైరెక్టరు వెనకే నిలబడి ఉన్నాడు. తెర చూసి కంగారేమీ పడలేదు.

"పొద్దున వచ్చిన లెక్కలే రిపోర్టులో రాయి. యంత్రం వచ్చాక సెక్షన్‌కి ఇన్‌ఛార్జి కావాలిగా. నిన్నే అనుకుంటున్నా."

తమ్ముడు రెండో పరీక్ష ఫలితాలు చెరిపేసి, రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం అక్క తన సామాను సంచిలో సర్దుకుంటూ అడిగింది. "ఓవెన్‌లో పెట్టి చూశావా?"

"చూశానక్కా. ఏం తేడా రాలేదు."

ఆవిడ తన చేతులకేసి చాలాసేపు చూసుకుంది. "నా చెయ్యే పోయిందన్నమాట. పదిమందిలో నీకు తలవంపులు తెచ్చాన్రా. ఏమీ అనుకోకు."

"పోనీలే అక్కా," అన్నాడు తమ్ముడు.