జానెడు గాటు

నేను ఒక గడ్డపారను. నాకు తెలిసిన పని ఒకటే: మనిషి ఎక్కడ పొడిస్తే అక్కడ దిగడం, రాయి తగిలితే ఖంగుమనడం. ఆ ఖంగుమనడమే నా నిజాయితీ అని చాలా ఏళ్లు మురిసిపోయాను. గడ్డపార మింగి శొంఠి కషాయం తాగినట్టు అని మీరొక సామెత చెప్పుకుంటారు కదా. నన్ను మింగినవాణ్ని ఇంతవరకు చూడలేదు గాని, నన్ను నమ్ముకుని మన్ను కరిచినవాళ్లను మాత్రం చూశాను.

విరిగిన లారీ ఇరుసు నుంచి పుట్టాను. ఆదిలాబాదు దిక్కున ఒక కమ్మరి నన్ను కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, రాజమల్లు చేతిలో పెట్టాడు. రాజమల్లు నన్ను భుజాన వేసుకుని కాకిబండ అనే గుట్టవాలుకు తీసుకుపోయాడు. కింద లోతున వాగు, పైన ఎండ, మధ్యలో మెట్లు మెట్లుగా నల్లరాయి. మేక కూడా ఆలోచించి కాలు పెట్టే ఆ వాలు మీద అతను రెండెకరాల చెల్క సేద్యం చేస్తున్నాడు. చెల్క అనడం అతని గొప్ప. రాయి మీద అక్కడక్కడ నాలుగు వేళ్ల మన్ను, అంతే.

మొదటి రోజే ఆకురాయి పట్టి నా కొనకు జానెడు పైన ఒక గాటు పెట్టాడు. గాటు దాకా దిగిన చోట కంది, దిగని చోట జొన్న. గాటు దాకా దిగిన చోట్లు ఆ రెండెకరాల్లో మూడో నాలుగో ఉండేవి.

వాలు మీద మన్ను నిలుస్తుందా? ప్రతి వానకూ ఇంత జారి వాగు పాలయ్యేది. ప్రతి ఎండాకాలం రాజమల్లు భార్య కొమురవ్వ అదే మన్నును తట్టకెత్తి నెత్తిన పెట్టుకుని పైకి మోసేది. నేను పెకలించిన రాళ్లతో భర్త అడ్డంగా ఒడ్లు, రాతిగట్లు పోసేవాడు. ఒకనాడు నాతో రాయి ఎత్తుతుంటే కాలు జారి అతనూ వాగు పాలయ్యాడు. నేను రాళ్ల సందులో ఇరుక్కుని పైనే ఉండిపోయాను. అప్పటి నుంచి కొడుకు ఓదెలు చేతికి వచ్చాను. కొమురవ్వ మన్ను మోయడం మాత్రం ఆపలేదు. ముప్పై ఏళ్లు మోసింది.

ఒక ఎండాకాలం గుట్ట మీదికి సర్కారు కబురొచ్చింది. జానెడుకు తగ్గకుండా మన్నుంటేనే పట్టా. లేకుంటే అది చేను కాదు, రాళ్లగుట్ట. గుడిసెలతో సహా ఖాళీ చేయాలి.

కొమురవ్వ పక్క వాలుకు పోయి, మన్ను కొలిచే సర్కారు సారు ఎట్లా చూస్తున్నాడో కనుక్కొని వచ్చింది.

"నడిమిట్ల ఒక్క కాడనే పొడుస్తుండంట" అంది కొడుకుతో. "చేనంత గీకి నడిమిట్ల పోద్దాం."

"ఒడ్ల కాడి మన్నుగూడ గీకుతే ఎట్లనే అవ్వా? గడ్డి వేర్లు పోతే వానకు ఏం ఆగుతది?"

"పట్టా అయినంక మళ్ల పరుసుకుందాం. మిరుగు వానలకు ఇంక నెలన్నర ఉన్నది."

ఓదెలు, అతని భార్య సుగుణ, కొమురవ్వ ఇరవై రోజులు గీకారు. రెండెకరాలు బోడిరాయి అయింది. నడుమ గుడిసెంత జాగాలో జానెడున్నర మన్ను పరుచుకుంది.

సారు వచ్చాడు. మన్ను తీసే పనిముట్టు జీపులోనే వదిలేశాడు, ఎక్కడం చేతకాక. "గడ్డపార ఉందా?" అన్నాడు. నన్ను ఇచ్చారు. నడిమధ్యన పొడిచాడు. గాటు దాటి మెత్తగా దిగాను. ఖంగుమనలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.

"ఇది అగ్గికొండల రాయి. ఒకప్పుడు నిప్పులెక్క పారి గడ్డకట్టింది. దీని మీద ఇంత మన్నా?" అని ఆశ్చర్యపోయాడు. "పైసారు వచ్చి ఇంకోసారి చూసి సంతకం పెడతడు. అప్పటిదాక దీన్ని కదిలియ్యకుండ్రి."

కదిలించలేదు. కొమురవ్వ నన్ను కడిగి, పసుపు రాసి, గుడిసె గోడకు ఆనించింది. పైసారు ఈ వారం వస్తాడన్నారు, వచ్చే వారం అన్నారు. ఆయన రాలేదు. వాన వచ్చింది, మిరుగుకు పది రోజుల ముందే, పట్టపగలు. బోడిరాయి మీద నీళ్లకు అడ్డేముంది? కొమురవ్వ పరుగున పోయి ఆ మన్ను మీద బోర్లా పడుకుని రెండు చేతులూ చాపింది. నీళ్లు ఆమె చుట్టూ పోయాయి, తరువాత ఆమె కింద నుంచి పోయాయి. వాన వెలిసేసరికి ఆమె రాయిని కౌగిలించుకుని ఉంది.

నాలుగో నాడు జ్వరంతో పోయింది. పోయే ముందు కొడుకుతో, "నన్ను ఈడనే పెట్టు బిడ్డా. వాగు ఒడ్డు పొంటి పెడితే నేనుగూడ కొట్టుకపోత" అంది.

ఓదెలు నన్ను పట్టుకుని బొంద తవ్వబోయాడు. తొమ్మిది చోట్ల పొడిచాడు. తొమ్మిది చోట్లా ఖంగుమన్నాను. నా నిజాయితీని అంతగా అసహ్యించుకున్న రోజు ఇంకోటి లేదు. చివరికి ఆమెను రాయి మీదే పడుకోబెట్టి, చుట్టూ ఒడ్డు రాళ్లు పేర్చి, వాగు నుంచి తట్టలతో మన్ను మోసి కప్పారు. ఆమె ముప్పై ఏళ్లు మోసిన మన్నే అది. అది కూడా జారిపోకుండా వేర్లు పట్టాలని సుగుణ దాని మీద గుప్పెడు జొన్నలు చల్లింది. మిరుగుకు మొలకలొచ్చాయి. రెండెకరాల్లో పచ్చగా ఉన్నది ఆ ఒక్క చోటే.

అప్పుడు దిగాడు పైసారు. చుట్టూ చూసి, "మన్నేది?" అన్నాడు.

సుగుణ భర్త చెయ్యి పట్టుకుంది. "వద్దు. పోతే పోనియ్యి" అంది నోట్లోనే.

"మన్ను మళ్ల మోసుకుందం. జాగనే పోతే ఏడికి మొయ్యాలె?" అని, ఓదెలు నన్ను తీసుకుని మొలకల దగ్గరికి నడిచాడు. "నేనే కొడ్త సారూ."

అవ్వ కాళ్లవైపు చూసుకుని ఒక వారగా పొడిచాడు. గాటు దాకా దించి ఆగాడు.

"ఇంకా లోతున్నట్టుంది, దింపు" అన్నాడు పైసారు, మంచి మనసుతోనే.

"సాలు సారూ. జానెడు సాలు కద."

"ఎంతుంటే అంత రాస్త. నీకే మంచిది. దింపు."

ఓదెలు కళ్లు మూసుకుని నా మీద బరువు వేశాడు. నేను దిగాను. మెత్తగా దిగాను. ఖంగుమనడానికి, తగిలింది రాయి కాదు.

పట్టా వచ్చింది. ఓదెలు ప్రతి ఎండాకాలం వాగు నుంచి మన్ను మోస్తున్నాడు. రాళ్లను ఒట్టి చేతులతో పెకలిస్తాడు గాని నన్ను ముట్టడు. గుడిసె వెనక తుప్పు పట్టిపోతున్నాను. పట్టా కాగితంలో లోతు అన్న చోట జానెడున్నర అని రాసి ఉందట. అందులో మన్ను జానెడే.