నోరు గ్రీన్ అంది

మా రైలు డ్రైవర్లకు ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనిపించగానే కుడిచెయ్యి చాపి, వేలు దాని వైపు చూపించి, అది ఏ రంగో పైకి చెప్పాలి. మా లోకల్ బళ్ళ క్యాబిన్‌లో రెండో మనిషి ఉండడు. అయినా చెప్పాలి. కన్ను చూసింది చెయ్యి చూపిస్తుంది, చెయ్యి చూపించింది నోరు చెబుతుంది, నోరు చెప్పింది చెవి వింటుంది. నలుగురూ ఒక్కసారే నిద్రపోరని పాతవాళ్ళ లెక్క. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆయనకు ఈ సంగతి చెబితే, వేలు చూపించి చెప్పడం నీకు ఒకరు నేర్పాలా, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో చేస్తున్నది అదేగా అన్నాడు.

పద్దెనిమిదేళ్ళు ఆ నలుగురిలో ఎవరూ కునుకు తియ్యలేదు. ఒకరోజు ఎల్లో సిగ్నల్ వైపు వేలు చూపించి గ్రీన్ అన్నాను. స్పష్టంగా, గొంతు తడబడకుండా అన్నాను. తగ్గించాల్సిన చోట వేగం తగ్గించలేదు. తర్వాతి సిగ్నల్ రెడ్. బండి తనంతట తానే బ్రేకు వేసుకుని ఆగింది. వెనక ఎనిమిది వందల మంది ఒకరి మీద ఒకరు తూలారు. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

అక్కడ ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. కంట్రోల్ రూముతో బస్సు టికెట్ అడిగినంత మామూలుగా విషయం చెప్పాను. ఆ రికార్డింగ్ విన్న పెద్దసారు నా నిబ్బరాన్ని మెచ్చుకున్నారట. అది నిబ్బరం కాదని నాకు తెలుసు.

అంతకు రెండు నెలల ముందు మా అక్క గుండెపోటుతో పోయింది. అమ్మ నా మూడో ఏటే పోతే నన్ను పెంచింది అక్కే. జడలు వేసింది, ఎక్కాలు నేర్పింది, నాలుగు తగిలించింది కూడా. ఆడపిల్లకు రైలేమిటని ఇంటిల్లిపాదీ గోల పెడితే దరఖాస్తు ఫారం నింపింది ఆవిడే. డ్యూటీ ఎక్కే ముందు మేం ఫోన్లు లాకర్‌లో పెట్టాలి. అక్క పోయిన రోజు మధ్యాహ్నం రెండింటికి దిగి చూస్తే, తొమ్మిదీ ఇరవైకి అక్క చేసిన ఫోను ఒకటి, ఆ తర్వాత బావ చేసినవి పదకొండు ఉన్నాయి. అక్క ఏం చెబుదామని చేసిందో బావకూ తెలియదు. నేను వెళ్ళేసరికి ఇల్లంతా జనం. అందరూ ఏడుస్తుంటే నేను వంటింట్లో గ్లాసులు కడుగుతూ నిలబడ్డాను. కడిగినవే మళ్ళీ కడిగాను. తర్వాతా ఏడుపు రాలేదు. గుండె గట్టిదన్నారు. పళ్ళ డాక్టరు సూది పొడిచాక బుగ్గ గిల్లినా తెలియదు చూడండి, అలా ఉన్నాను, అంతే.

సిగ్నల్ తప్పు చెప్పినందుకు నన్ను బండి దించేశారు. ఎనిమిది వారాలు మనసు క్లాసుకు వెళ్ళాలి. ఆ తర్వాత పరీక్ష బండి నడపాలి. నెగ్గితే నా సీటు నాకొస్తుంది. లేకపోతే పోగొట్టుకున్న వస్తువుల కౌంటర్లో గొడుగులకు చీటీలు కట్టుకుంటూ రిటైరవ్వడమే. నాకు సీటు కావాలి. ఏమీ అనిపించని ఆ రోజుల్లో కూడా ఆ ఒక్కటీ తెలుసు.

క్లాసు డిపో మేడ మీద, పాత యూనిఫాంలు దాచే గదిలో. చెప్పేది నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ. మా వాళ్ళు ‘ఊపిరి మేడమ్’ అని పేరు పెట్టారు. కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించాలి. ఆలోచన వస్తే ‘ఆలోచన’ అనుకుని మళ్ళీ ఊపిరి దగ్గరికి రావాలి. దాన్ని తరమకూడదు, వచ్చినందుకు మనల్ని మనం తిట్టుకోకూడదు. ఆరుగురం ఉన్నాం. మొదటి రోజే నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపి, "ఊపిరి, లోపలికి" అని పైకి అనేశాను. గదంతా ఒకటే నవ్వు. మేడమ్ మాత్రం నవ్వలేదు, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.

మిగతావాళ్ళు నానా తంటాలూ పడ్డారు. మనసు కోతి అంటారు కదా. ఒకాయన కోతి అత్తగారింటి గొడవ మీదికి, ఇంకొకాయన కోతి మోకాలి నొప్పి మీదికి గెంతేది. నా కోతి కొమ్మ మీద కదలకుండా కూర్చునేది. ఇరవై నిమిషాలూ ఊపిరి తప్ప ఇంకేమీ లేదు. క్లాసులో ఫస్టు నేనే. గర్వపడాల్సింది, అదీ రాలేదు.

ఐదో వారం మేడమ్ నన్ను ఒక్కదాన్నే ఉండమంది. కళ్ళు మూసుకుంటే ఏమేం వస్తున్నాయని అడిగింది. ఏమీ రావడం లేదన్నాను.

"మనసు కుదురుగా ఉండటం వేరమ్మా, మనసు ఇంట్లో లేకపోవడం వేరు," అంది. "బయటి నుంచి రెండిళ్ళూ ఒకేలా ఉంటాయి. చప్పుడుండదు."

మరి ఏం చెయ్యమంటారని అడిగాను.

"ఏమీ లేకపోతే ‘ఏమీ లేదు’ అనే చెప్పండి. ఉన్నదే చెప్పండి. లేని గ్రీన్ చెప్పకండి."

ఆ మాటకు ఒళ్ళు మండిందని రాస్తే బాగుంటుంది గానీ, మండలేదు. ఇంటికెళ్ళి ఆవిడ చెప్పిందే చేశాను. పళ్ళు తోముకుంటూ ‘ఏమీ లేదు’. బట్టలు ఆరేస్తూ ‘ఏమీ లేదు’. మా ఆయన భుజం మీద చెయ్యి వేస్తే ‘బరువు, వెచ్చగా ఉంది, ఇంకేమీ లేదు’. పాపం, ఆయన చెయ్యి తీసేవాడు కాదు. ఏడో వారంలో బూట్ల లేసు కట్టుకుంటుంటే గొంతుకు ఏదో అడ్డం పడింది. ‘గొంతులో అడ్డం’ అనుకున్నాను. కాసేపుండి పోయింది. మేడమ్‌కు చెబితే నన్ను పరీక్షకు పంపే కాగితం మీద సంతకం పెట్టి, జాగ్రత్త అంది.

పరీక్షకు ప్రయాణికులు లేని బండి ఇచ్చారు. పదిహేను స్టేషన్లు. పక్కనున్న మడత సీట్లో ఇన్‌స్పెక్టర్, ఆయన ఒళ్ళో ఫారం. మంచాయనే గానీ మాట మహా పొదుపు. ఏడు స్టేషన్లు నున్నగా నడిచాయి. వేలు, రంగు, వేలు, రంగు.

ఏడోది దాటాక వంపులో సిగ్నల్ కనిపించింది. వేలు లేచింది. నోరు ‘గ్రీ’ అనబోయింది. అది అనబోవడం చూశాను. నా నోరు నాకంటే ముందు పరిగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. దాన్ని పళ్ళ మధ్య ఆపి, సిగ్నల్ చూశాను.

"ఎల్లో," అన్నాను. వేగం తగ్గించాను.

ఇన్‌స్పెక్టర్ టిక్కు పెట్టాడు. గండం గడిచినట్టే. కానీ చాపిన వేలు వణుకుతోంది. కనిపించింది కనిపించినట్టు చెప్పడమే కదా పద్ధతి. చెయ్యి వణుకుతోందని పైకి చెప్పాను. ఆయన తల తిప్పి చూశాడు. భయమేస్తోందని చెప్పాను. రెండు నెలల కిందట తూలిపడిన ఆ ఎనిమిది వందల మందీ ఇప్పుడు వచ్చి నా వీపు వెనక నిలబడ్డారు. వాళ్ళలో ఎవరి అక్క ఉందో, ఎవరి చెల్లెలు ఉందో. గొంతులో మళ్ళీ అడ్డం పడింది, ఈసారి పోలేదు. అది బయటపడితే బండి నడపలేను. లోపల ఉంచుకుని నడపకూడదు.

ఎనిమిదో స్టేషన్‌లో బండి ఆగాల్సిన గీత మీద సరిగ్గా ఆపి, బ్రేకు బిగించి, లేచి నిలబడ్డాను.

"ఇక్కడి నుంచి మీరు తీసుకోండి సార్. ఇవాళ నేను నడపకూడదు."

ఆయన నచ్చజెప్పాడు. ఒక్క తప్పూ లేదన్నాడు, ఇంకో ఏడు స్టేషన్లు ఓర్చుకుంటే సీటు నాదేనన్నాడు. మళ్ళీ పరీక్ష పెడతారో లేదో తన చేతిలో లేదన్నాడు. అన్నీ నాకు తెలిసినవే. కళ్ళలోంచి కారుతున్నది గడ్డం దాకా వచ్చింది. నేను పక్కకు జరిగితే ఆయన నా సీట్లో కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళ సీటు. చాలా బాధేసింది.

మధ్యలో దిగిపోతే కారణం రాసే గడి ఒకటి ఉంటుంది ఆ ఫారంలో. అది నింపకుండా బండి కదలకూడదు. ఏం రాయమంటావమ్మా అని అడిగాడు.

"మా అక్క చనిపోయిందని రాయండి."

పెన్ను ఆగింది. "అయ్యో. ఎప్పుడమ్మా?"

నాలుగు నెలలు దాటిందని చెప్పడానికే నోరు తెరిచాను.

"ఇప్పుడే సార్," అన్నాను.