గొర్రెలు చూసిన దిక్కు

విసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని అత్తాకోడళ్లు జొన్నలు విసురుతున్నారు. పిడికర్ర ఒకటే, చేతులు మాత్రం నాలుగు. సోమమ్మ లాగితే భద్రమ్మ తోస్తుంది, భద్రమ్మ లాగితే సోమమ్మ తోస్తుంది. మామూలుగా అయితే రాయితో పాటు భద్రమ్మ నోట ఏదో ఒక పాట కూడా తిరుగుతూ ఉండేది. ఆమె కొడుకు పర్వతాలు, మేతకు కృష్ణానది దాటించి నల్లమలకు తోలుకుపోయిన మందతో తిరిగి ఇల్లు చేరి వారమైంది. ఆ వారం నుంచి పాట లేదు. పిండి మాత్రం పడుతోంది.

"గింత ఉబ్బరంల గొంగడేందే వానికి?" అంది భద్రమ్మ, రాయి నోట్లో పిడికెడు జొన్నలు పోస్తూ. "మిరుగు కార్తె ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నది. ఊకె కూసుంటెనే చెమటలు పడ్తున్నయి. వీడేమో బాలింత లెక్క సుట్టుకొని తిరుగుతున్నడు. సలిజరమా అంటె కాదంటడు. నువ్వన్న అడిగినవా?"

"అడిగిన అత్తా."

"ఏమన్నడు?"

"అలవాటైందన్నడు."

"పెండ్లాం ఇంట్ల, మొగడు గొర్ల దొడ్ల పండుడు గూడ అలవాటేనా? మంచి అలవాటే!"

సోమమ్మ తల వంచి పిండిని చేటలోకి తోసింది. ఆమె మాటలు తక్కువ మనిషి. కళ్లు మాత్రం ఊరుకునేవి కావు. మందలో ఏ గొర్రె కుంటుతోందో, ఏది మేత ముట్టడం లేదో దూరం నుంచే పోల్చేది. "నీ కోడలు నోరు తెరవది గని, కండ్లతోని అన్నీ ఏరుకుంటది" అని వాడకట్టు వాళ్లు భద్రమ్మతో అనేవారు.

ఈ వారంలో ఆ కళ్లు ఒక సంగతిని ఏరుకున్నాయి. భర్త అంగిని వాగుకు తీసుకుపోయి ఉతకబోతే, వీపు మీద నాలుగు చీలికలు కనిపించాయి. కుడి భుజం నుంచి నడుము దాకా, దుక్కిలో చాళ్లలాగా పక్కపక్కనే ఉన్నాయి. గొంగళ్లు కుట్టే దబ్బనంతో, నల్ల ఉన్ని దారంతో వేసిన మొరటు కుట్లు. కుట్ల పక్కన ఎంత రుద్దినా పోని తుప్పురంగు మరక. ముళ్లకంప చీరితే అంత వరసగా చీరదు. అది గోళ్లు గల జంతువు పని. నల్లమలలో ఎలుగులకు కొదవ లేదు.

ఆ అంగిని పట్టుకుని ఆమె నీళ్లలో చాలాసేపు కూర్చుండిపోయింది. తర్వాత ఉతికి, ఆరేసి, మడిచి పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. అర్థం కానిదల్లా ఒకటే. ఎలుగుతో పెనుగులాడి బతికి వచ్చినవాడు వాడవాడా చెప్పుకుని మురవాలి గాని, వీపును దొంగసొత్తులాగా దాచుకోవడం ఎందుకు?

దాచుకుంటే దాచుకున్నాడు, ఇప్పుడు మనిషే దూరమయ్యేట్టున్నాడు. ఎగువ ఊరి ఆసామి మందకు జీతం కుదిరానని నిన్న తల్లితో చెప్పాడు. ఇవ్వాళ తమ గొర్రెల బొచ్చు కత్తిరింపు అయిపోతే పొద్దు వంగేలోగా బయలుదేరుతాడు. మళ్లీ వచ్చేది దీపావళికి. వానకాలం ఊరి గుట్టల మీద పచ్చిక పెట్టుకుని, సొంత మందను తల్లికీ పెండ్లానికీ వదిలి, పరాయి గొర్రెలను కాయడానికి పోయే కురుమ ఎవడైనా ఉంటాడా?

అంబలి కుండ నెత్తిన పెట్టుకుని సోమమ్మ వాగుకు పోయేసరికి కత్తిరింపు సగమైంది. మడుగులో కడిగిన గొర్రెలు ఎండకు ఆరి తెల్లగా, మెత్తగా నిలబడి ఉన్నాయి. మగవాళ్లంతా గోచీలతో, ఒంటి మీద ఇంకేమీ లేకుండా, గొర్రెలను మోకాళ్ల మధ్య పట్టి కత్తెరలు ఆడిస్తున్నారు. వాళ్ల నడుమ పర్వతాలు ఒక్కడే గొంగడి కప్పుకుని ఉన్నాడు. ముక్కు కొస నుంచి చెమట గొర్రె మీద కారుతోంది.

పక్కింటి సుక్కమ్మ బొచ్చు ఏరుతూ ఊరుకోలేకపోయింది. మొగుడు పోయి పదేళ్లయినా నోరు పోని మనిషి ఆమె.

"ఏం మరిదీ, నీ బొచ్చు గూడ కత్తిరియ్యాల్నా? వరసల కూసో, జర సేపట్ల అయితది!"

అందరూ గొల్లుమన్నారు. పర్వతాలు తల ఎత్తలేదు. సుక్కమ్మ తమ్ముడు జంగయ్య ఒక్కడే నవ్వలేదు. అడవికి పర్వతాలుతో పోయి వచ్చినవాడు అతనే. అంబలి పోయించుకునే సాకుతో సోమమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"చెల్లె, తప్పు నాదే. తిరిగి వచ్చేటప్పుడు కొల్లాపూర్ల డేరా సినిమాకు పోయినం. మన ఊర్ల ఆడిన సినిమానే అని ఆడ కలిసిన ఊరోళ్లు చెప్పిండ్రు. 'నీ పెండ్లాం గీ సినిమాకు రెండుసార్లు పోయిందట, గా మొగోని ఒళ్లు నచ్చిందేమో' అని వానితోని నవ్వులాటకు అన్న. గా దినం సంది గొంగడి ఇడుస్తలేడు. వాని ఈపు..." అని ఆగిపోయాడు.

"నాకెర్కనే అన్నా," అంది సోమమ్మ. "నువ్వు తాగు."

ఖాళీ కుండతో ఇంటి దారి పట్టినా ఆమె కళ్ల ముందు ఆ డేరానే ఉంది. ఎండాకాలంలో అంగడి జాగాలో డేరా వేసినప్పుడు, సుక్కమ్మ ఈమెనూ ఇంకో నలుగురినీ వెంటేసుకుని పొద్దుగూకే ఆటకు పోయింది. మగవాళ్ల వైపుకూ ఆడవాళ్ల వైపుకూ నడుమ తడక. తెర మీద కథ, మారువేషంలో గొర్రెలు కాసే రాజకుమారుడిది. గొంగడిని పట్టుసెల్లాలాగా భుజం మీద జార్చి, గొర్రెపిల్లను పిల్లికూనలాగా మెడ పట్టి ఎత్తేసరికి కురుమ ఆడవాళ్లకు నవ్వాగలేదు. "అయ్యో, సచ్చిపోతదిరో!" అని ఒకామె అరిచింది.

ఆ తర్వాత వాడు గొంగడి తీసి పక్కన పడేసి, ఏటి ఒడ్డున బండకు ఆనుకుని పాట ఎత్తుకున్నాడు. నూనె రాసిన ఒళ్లు నిగనిగలాడుతోంది. నీళ్లకు వచ్చిన పిల్ల చెట్టు చాటున నిలబడి వాణ్ణి చూస్తోంది. నెత్తి నుంచి పాదాల దాకా, ఇంకా చూస్తోంది. ఆడవాళ్ల వైపు ఒక్కసారిగా సద్దుమణిగింది.

ఆడమనిషి మగవాణ్ణి అంతసేపు తేరిపార చూస్తే ఎవరూ గదమాయించకపోవడం సోమమ్మ అక్కడే చూసింది. పెండ్లిచూపుల నాడు ఆమెను నడిపించి చూశారు, నవ్వించి పళ్లు చూశారు, జడ విప్పించి జుట్టు చూశారు. ఆమెకు కనిపించినవి పర్వతాలు కాలి బొటనవేళ్లు.

"ఓ సినిమాయనా!" అని సుక్కమ్మ కేక పెట్టింది. "వాన్ని జర అటు తిప్పు, గా దిక్కు గూడ సూస్తం!"

"థూ, సిగ్గు లేదా మీకు?" అని తడక అవతల నుంచి ఎవరో కసిరారు.

"తెర మీద ఆడోళ్లు ఎగిరినప్పుడు మీరు సూడలేదా? మేమేమన్న అన్నమా?"

ఆ నవ్వుల్లో సోమమ్మ గొంతు లేదు. ఆమె చూపు తెర మీదే ఉంది, కాని హీరో మీద లేదు. గొర్రెలు ఒక్కటి కూడా వాడి దిక్కు చూడటం లేదు. అన్నీ తెర ఎడమ అంచుకు మెడలు తిప్పి ఉన్నాయి. ఏముందక్కడ అని ఆమె కూడా అటే చూసింది. తెల్ల రుమాలు చుట్టుకున్న ఒక మనిషి, కట్టె అడ్డం పెట్టి మందను ఆపుతున్నాడు. ఆ మందకు అసలు కాపరి కాబోలు, ఫొటోలో పడకుండా తప్పుకోబోయి అందులోనే చిక్కినట్టున్నాడు. బక్కపలచని వీపు, గొర్రెపిల్లలను మోసి మోసి ఒక పక్కకు ఒరిగిన భుజం. ఒక్క గడియ కనిపించి మాయమయ్యాడు. అచ్చం పర్వతాలు నడకే.

మర్నాడు సుక్కమ్మ మళ్లీ పోదామంటే ఈమె మారు మాట్లాడకుండా లేచి వెంట నడిచింది. సుక్కమ్మ హీరో కోసం పోయింది. ఈమె ఆ ఒక్క గడియ కోసం పోయింది. ఊళ్లో మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టారు.

మధ్యాహ్నం దాటాక పర్వతాలు ఇంటికి వచ్చాడు. భద్రమ్మ ఇంకా వాగు దగ్గరే బొచ్చు ఆరబోస్తోంది. గడప పక్కన అతని కట్టె, సద్దిమూట సిద్ధంగా ఉన్నాయి. ఒంటి నిండా బొచ్చు, గొర్రెల మీది గోమారు పురుగులు. నీళ్లు పోసుకోక తప్పదు. పెరట్లో బండ పక్కన ఉడుకు నీళ్ల గోలెం పెట్టి, చెంబు చేతిలో పట్టుకుని సోమమ్మ నిలబడింది.

"నేను పోసుకుంట. నువ్వు లోపలికి పో," అన్నాడు.

ఆమె కదల్లేదు. ఈ మాట ఇప్పుడు రాకపోతే దీపావళి దాకా రాదు, అప్పటికి అసలే రాదేమో.

"రెండుసార్లు పోయిన," అంది.

"ఏడికి?"

"నీకెర్కనే. డేరా సినిమాకు."

అతను బండ మీద కూర్చుని, గొంగడి అంచును మెడ దగ్గర బిగించుకున్నాడు. "పోతె పోయినవు. నేనేమన్న అన్ననా?"

"అంటె మంచిగుంటుండె. అనక గొంగడి కప్పుకున్నవు."

అతను మోకాలికి అంటిన బొచ్చును ఏరసాగాడు.

"మొదటిసారి అందరం గాయననే సూసినం. అబద్ధమెందుకు, నేను గూడ సూసిన. మంచిగనే ఉన్నడు. ఒక్కనాడు నీళ్లు మొయ్యని కుండ లెక్క, నున్నగున్నడు. కని రెండోసారి పోయింది గాయన కోసం కాదు."

"మరెవని కోసం?" అన్నాడు.

"గొర్లు మెడలు తిప్పి సూసినాయన కోసం."

పర్వతాలు తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. కాసేపు ఏదో వెతుక్కున్నట్టు కనుబొమలు ముడిచాడు.

"గా ఎడమ దిక్కు... కట్టె అడ్డం పెట్టినోడా?"

ఈసారి నోరు తెరవడం సోమమ్మ వంతయింది. "నువ్వు గూడ సూసినవా?"

"సూడకేమి? గాయన లేకుంటె గొర్లన్ని ఏట్ల పడుతుండె! మంద జెదురుతాంటె వీడేమో పాట పాడుతున్నడు. నాకు లేసి పోయి తోలుదామనిపించింది." అతని మాటలో వారం రోజుల తర్వాత మొదటిసారి పాత పర్వతాలు వినిపించాడు. అంతలోనే గొంతు తగ్గింది. "గాయనను ఎందుకు సూసినవు?"

"ఆయన నడక నీ నడక లెక్కనే ఉండె. నువ్వు పోయి అప్పటికి నాలుగు నెలలాయె. గాయన ఈపు ఒక్క గడియ కండ్లబడ్డది. ఇంట్లకొచ్చి నువ్వు గంతసేపు గూడ కనబడనిస్తలేవు." చెంబు అంచును బొటనవేలితో రుద్దుతూ ఆఖరి మాట కూడా అనేసింది. "అంగి నేనే ఉతికిన."

గొంగడి అంచు పట్టుకున్న పిడికిలి కొంచెం కొంచెంగా వదులైంది. ఆమె వెనక్కి పోయి నిలబడింది. గొంగడి తనంతట తానే భుజాల మీది నుంచి బండ మీదికి జారింది.

మూడేళ్ల కాపురంలో ఆ వీపును పగటి వెలుతురులో చూడటం ఆమెకు అదే మొదలు. నాలుగు గాట్లు మానాయి. మూడు నిలువుగా, మెరుస్తూ దిగాయి. నాలుగోది భుజపుటెముక కింద ముడుచుకుని, మూతి బిగించిన సంచిలాగా ఉంది. వాటి చుట్టూ పాత వీపే, ఎండకు నల్లబడి, కుడి పక్కకు ఒరిగి. సోమమ్మ తల వంచలేదు. చూసింది. పిట్టగోడ మీద కాకి వాలి ఎగిరిపోయింది. ఆమెను గదమాయించేవాళ్లు ఎవరూ లేరు.

"సూసినవా?" అన్నాడతను, ముందుకే చూస్తూ.

"ఇంక సూస్తున్న."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "రోత అనిపిస్తలేదా?"

"అతుకు మంచిగ పడలే. అంగి కుట్టిన చెయ్యే దీన్ని గూడ కుట్టిందా ఏంది?"

పర్వతాలు వీపు అదిరింది. ఏడుస్తున్నాడనుకుని ఆమె బెదిరింది. నవ్వుతున్నాడు. "అడవిల చెంచోళ్లు ఆకుపసరు పోసి కట్టిండ్రు. గొర్రెపిల్ల ఒకటి వెనుకబడ్డది. దాన్ని ఎత్తుకుంటాంటె మీద పడ్డది ఎలుగొడ్డు. పిల్లను ఇడువలే."

"ఏ పిల్ల?"

"చెవి మీద మచ్చ ఉన్నది."

ఆమె ఆ పిల్లను ఇంటికి వచ్చిన రోజే గుర్తుపట్టింది. అతను ఎటు పోతే అటే మెడ తిప్పుతుంది. ఇంకేమీ అడగకుండా చెంబు ముంచి నీళ్లు పోసింది. గాట్ల పక్కన అరచేతితో, గాట్ల మీద వేళ్ల కొసలతో, మెల్లగా రుద్దింది. బొచ్చు, మట్టి, వారం రోజుల చెమట నీళ్లతో పాటు కొట్టుకుపోయాయి.

పొద్దు వంగుతుండగా అతను ధోతి కట్టుకుని, రుమాలు చుట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. గొంగడిని రెండు మడతలు వేసి చిలక్కొయ్యకు తగిలించాడు. గడప దగ్గర సద్దిమూట ఉంది. దాన్ని ఎత్తి, కాసేపు పట్టుకుని, ఉట్టి మీద పెట్టాడు. కట్టె మాత్రం చేతికి తీసుకున్నాడు. సోమమ్మ దర్వాజకు ఆనుకుని నిలబడి ఉంది. అతను గడప దాటి, ఎగువ ఊరి బాటను వదిలి, గొర్ల దొడ్డి వైపు తిరిగి, ఉత్త వీపుతో ఎండలోకి నడిచిపోయాడు.