చలికాలం మధ్యలో ఇచ్చిన కప్పు

బడిలో నలుగురినీ ముందుండి నడిపించే పిల్లలకు ఏటా బహుమతి ఇవ్వాలా వద్దా అన్న మాట మీద తల్లిదండ్రుల సమావేశం వేడెక్కిపోయింది. బయట రొడోపి కొండల మీద మంచు కురుస్తున్నా ఆ గదిలో ఎవరికీ చలి తెలియడం లేదు.

"ఇస్తే తప్పేంటండీ?" అన్నాడొకాయన.

"రేపట్నుంచి ప్రతి పనికీ బహుమతి కావాలంటారు, చూస్తూండండి," అందొకావిడ.

కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయురాలు దెన్చెవా ఇద్దరికీ తలూపి, చివరి వరసలో కూర్చున్న జ్లాతినా వైపు తిరిగింది. "ఈ బడిలో అలాంటి బహుమతి అందుకున్నది మీరొక్కరేనట కదండీ. మీరేమంటారు?"

జ్లాతినా గోడ వైపు చూసింది. పదకొండో తరగతి ఆమె చదివింది ఈ గదిలోనే. ఇప్పుడు వేడి గొట్టాలున్న గోడ పక్కన అప్పుడొక ఇనప పొయ్యి ఉండేది.

అది రేషన్ కూపన్ల చలికాలం. పాత ప్రభుత్వం పోయింది, కొత్తది ఇంకా నిలదొక్కుకోలేదు. చక్కెరకు కూపను, నూనెకు కూపను. కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. బడి బాయిలరుకు ఇంధనం రావడం ఆగిపోతే, అప్పటి ప్రధానోపాధ్యాయుడు స్తామెనోవ్ ఎవరెవరి అటకల మీంచో పాత పొయ్యిలు దింపించి గదికొకటి పెట్టించాడు. కట్టెలు మాత్రం ఆయన దగ్గర లేవు. టీచర్లను "కామ్రేడ్" అనడం మానేసి "మేడం" అనాలని నేర్చుకుంటున్న రోజులవి. ఎవరైనా తడబడి "కామ్రేడ్ మేడం" అంటే తరగతి టీచరు నెవెనా అందరికంటే ముందు తనే నవ్వేసేది.

తరగతి అంతా చేతులెత్తి జ్లాతినాను లీడరుగా ఎన్నుకుంది. ఆమె బల్లెక్కి నిలబడి చెప్పేసింది. "ఇంట్లో కట్టెలున్నవాళ్లు రోజుకో మొద్దు తెండి. లేనివాళ్లు పెందలాడే వచ్చి పొయ్యి రాజెయ్యండి, బూడిద ఎత్తండి. ఊరికే చలి కాచుకుంటానంటే కుదరదు."

"నీ పెత్తనం మండా!" అన్నాడు యావోర్. అయినా మర్నాడు అందరికంటే లావు మొద్దు మోసుకొచ్చింది అతనే. జ్లాతినా అడగడానికి మొహమాటపడిన ఇళ్లకు అతను వెళ్లి అడిగేవాడు.

పొద్దున్నే ఒక చంకలో పుస్తకాలు, ఒక చంకలో కట్టె పెట్టుకుని పిల్లలు కొండ దిగి వచ్చేవారు. తడిసిన ఉన్ని చేతితొడుగులు పొయ్యి చుట్టూ ఆరేసేవారు. విరామంలో రొట్టె ముక్కలు పొయ్యి మీద కాల్చి, ఎవరింటి నుంచో వచ్చిన ఎర్ర మిరప పచ్చడి రాసుకుని తినేవారు. పొగకు కళ్లు మండేవి, నవ్వీ నవ్వీ పొట్ట నొప్పి పుట్టేది. తర్వాత జీవితంలో ఎన్నో మంచి గదుల్లో కూర్చుంది గానీ ఆ వెచ్చదనం జ్లాతినాకు మళ్లీ దొరకలేదు.

జనవరి చివర, సగం చదువు సంవత్సరం అయిపోయాక, స్తామెనోవ్ అందర్నీ హాల్లో సమావేశపరిచి జ్లాతినాను వేదిక మీదికి పిలిచాడు. ఏదో పాత స్కీయింగ్ పోటీ కప్పు మీద ఉన్న అక్షరాలు గీకించేసి ఆమె పేరు చెక్కించాడు. అంతవరకూ ఆ బడి గడప తొక్కని ఆమె తండ్రి రంపపు మిల్లు నుంచి తిన్నగా, భుజాల మీద రంపపు పొట్టుతోనే వచ్చి వెనక నిలబడ్డాడు. స్తామెనోవ్ మాట పూర్తి కాకముందే చప్పట్లు మొదలుపెట్టేసి, అందరూ తిరిగి చూస్తే సిగ్గుపడి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లేటప్పుడు కప్పు తనే మోశాడు, ఆమెను పట్టుకోనివ్వలేదు.

సోమవారం పొయ్యి దగ్గర ఒక్క కట్టె లేదు.

"యావోర్, నీ మొద్దేదిరా?"

"కప్పు నీకూ, కట్టెలు మాకూనా? నువ్వే తెచ్చుకో, చాంపియన్!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఇంతకు ముందు లేనిదేదో ఉంది. నెవెనా మేడం కోప్పడబోతే జ్లాతినా వద్దంది. ఆ వారమంతా తనింటి కట్టెలే వీపున కట్టుకుని మోసింది. గది పూర్తిగా వేడెక్కేది కాదు. అందరూ కోట్లు విప్పకుండా, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చునేవారు.

చివరికి ఆమె యావోర్ బల్ల ముందుకెళ్లి నిలబడింది. "ఇంటింటికీ తిరిగి అడిగింది నువ్వు. నీ పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఆ సంతోషంలో నాకు తోచలేదు. రేపట్నుంచి నువ్వే లీడరు. మొద్దు తెమ్మంటే తెస్తాను."

యావోర్ చెవులు ఎర్రబడ్డాయి. రెండ్రోజులు లీడరుగిరీ చేశాడు. మూడోరోజు ఆమె పక్కన కూలబడి, "ఒక్కొక్కణ్ణీ ఇంతలా బతిమాలాలని ముందే చెప్పొచ్చుగా! నా వల్ల కాదు తల్లీ. ఇద్దరం కలిసి చూద్దాం," అన్నాడు. పొయ్యి మళ్లీ భగభగమంది.

దెన్చెవా ఇంకా తన వైపే చూస్తోందని గుర్తొచ్చి జ్లాతినా లేచి నిలబడింది.

"ఇవ్వండి," అంది. "మా నాన్న ఆ కప్పును టీవీ మీద పెట్టుకుని, పోయేదాకా వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఆ సంతోషం ఇంకో తండ్రికి ఎందుకు లేకుండా చేయాలి? కానీ పని సగంలో ఉండగా ఇవ్వకండి, మిగతావాళ్ల చేతులు ఆగిపోతాయి. పక్కన ఎవరు నిలబడ్డారో పిల్లల్నే అడగండి, వాళ్లనూ వేదిక ఎక్కించండి."

ఇందాక వద్దన్నావిడ, "అలాగైతే సరే," అంది. మే నెలలో, చదువులు ముగిసే వేళ బళ్లన్నీ జరుపుకునే అక్షరాల పండుగ నాడు ఇవ్వాలని తీర్మానించారు.

జ్లాతినా కొండ దిగేసరికి సాయంత్రం బస్సు సిద్ధంగా ఉంది. నడిపేది యావోరే. నెత్తిన జుట్టు పోయింది, నోరు మాత్రం అలాగే ఉంది.

"ఏం తేల్చారే మీ పెద్దమనుషులు?"

"మే నెలలో ఇస్తారట. తోడున్నవాళ్లకు కూడా."

"నా వాటా పాతబాకీ సంగతేంటి మరి?"

"మా ఇంట్లో ఉంది. నాన్న వేలిముద్రలు పోతాయని తుడవలేదు. కావాలంటే వచ్చి సగం కోసుకుపో."

యావోర్ నవ్వబోయి ఆగాడు. "మీ నాన్న భలే చప్పట్లు కొట్టాడు ఆ రోజు," అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు పెంచి, "ఎక్కవే తల్లీ, తలుపెయ్యాలి, లోపల జనం గడ్డకట్టుకుపోతున్నారు!" అన్నాడు.

ఆమె ఎక్కి అతని వెనక సీట్లో కూర్చుంది.