మధ్యలో ఎవరైనా ఉన్నారా?

డిసెంబరులో టాఫీ కొరికితే నా ముందు పన్ను సగానికి విరిగింది. కప్పులు అతికించే జిగురుతో నేనే అతికించుకున్నాను. వారం తిరక్కుండానే అది ఊడి, ఒకాయన చేపల పొట్లంలో పడబోతే చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నాను. ఆయన చూడలేదు గానీ మా వేయించిన చేపల కొట్టు యజమాని స్టావ్ చూశాడు.

"గేనర్, కొన్నాళ్లు లోపల బంగాళాదుంపలు చూసుకో. పన్ను బాగయ్యాక కౌంటర్ మళ్లీ నీదే," అన్నాడు.

పంతొమ్మిదేళ్లు ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. మా సముద్రపు ఊరు బ్రిడ్లింగ్టన్‌లో సగం మందికి ఉప్పెంత వెయ్యాలో, వెనిగర్ ఎంత చల్లాలో నాకు తెలుసు. అలాంటిదాన్ని తొక్కల బకెట్ పక్కకి నెట్టేసరికి తల కొట్టేసినట్టయింది. ప్రైవేటుగా కట్టించుకుందామంటే వెయ్యి పౌండ్ల పైమాట. ఎన్‌హెచ్‌ఎస్ ప్రభుత్వ వైద్యంలో అయితే మూడో వంతుతో పోతుంది, కానీ ఊళ్లో ఏ పళ్ల డాక్టరూ అందులో కొత్త పేర్లు రాసుకోవడం లేదు.

మార్చిలో సముద్రపు వీధి క్లినిక్ తలుపు మీద ఒక కాగితం అంటించారు. ప్రభుత్వ పద్ధతిలో నలభై మందిని చేర్చుకుంటారట, ఫారాలు శనివారం పొద్దున తొమ్మిదింటికి ఇస్తారట. నేను ఆరున్నరకే వెళ్లాను. అప్పటికే వరస వీధి మూల తిరిగింది.

నా ముందు మార్జరీ ఉంది. మా వెనక వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ, డెబ్భై ఆరేళ్లు. కూరగాయల చక్రాల సంచీ పక్కన పెట్టుకుని, వాచిన దవడకి మఫ్లర్ చుట్టుకుని నిలబడింది. జనవరి నుంచి సూపు తప్ప ఏదీ నమల్లేదని చెప్పింది.

"విడ్డూరం చూడమ్మా! లోపల అదే డాక్టరు, అదే కుర్చీ. డబ్బు పెడతానంటే మంగళవారమే రమ్మంటారు. నా పెన్షన్‌తో అయితే దేవుడు పిలిచేలోపు పిలుస్తారో లేదో!" అంది.

"దేవుడి దగ్గర కూడా వరసే ఉంటుంది మార్జరీ గారూ," అన్నాను.

"అక్కడ మాత్రం నేను తొందరపడను తల్లీ," అని నవ్వబోయి దవడ పట్టుకుంది.

రెండు గంటలు అలాగే కబుర్లు చెప్పుకున్నాం. ఆవిడ ఫ్లాస్కులోంచి నాకు టీ కూడా పోసింది. ఎనిమిదిన్నర అవుతుండగా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఇక ఆపుకోలేను గేనర్. నా చోటు చూస్తావా?"

"వెళ్లిరండి, నేనున్నాగా," అన్నాను.

బీచి పక్కన మరుగుదొడ్లకి ఈస్టర్ పండగకి జనం వచ్చేదాకా తాళమే. సూపర్‌మార్కెట్ దాకా నడవాలి. ఆవిడ అటు వెళ్లిందో లేదో వాన మొదలైంది. జనం తడుస్తున్నారని జాలిపడి క్లినిక్ వాళ్లు ముందే తలుపు తీశారు. రిసెప్షన్‌లో పనిచేసే కార్లీ ఫారాలు పంచుకుంటూ వచ్చింది. మార్జరీకి ముందున్నాయన చేతిలో ఒకటి పెట్టాక ఇక ఒక్కటే మిగిలింది.

కార్లీ ఆ ఖాళీ చోటు చూసింది. సంచీ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మధ్యలో ఎవరైనా ఉన్నారా అండీ?"

మర్యాదగానే అడిగింది. నేను ఆలోచించుకోవడానికి టైం కూడా ఇచ్చింది.

"లేరు. ఆ సంచీ నాదే," అన్నాను.

నా వెనకాయన అంతా చూశాడు. మా ఊరివాళ్లు వరసలో దూరినవాణ్ణి కళ్లతోనే ఉతికేస్తారు గానీ నోరు మెదపరు. ఆయనా అంతే, నన్ను పైనుంచి కిందదాకా చూసి, కాలర్ పైకి లాక్కుని వెళ్లిపోయాడు.

మార్జరీ రొప్పుతూ వచ్చేసరికి వీధి ఖాళీ అయింది. నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను. కనీసం అప్పుడైనా నిజం చెప్పొచ్చు.

"ఎంత చెప్పినా వినలేదు మార్జరీ గారూ. మనిషి ఎదురుగా లేకపోతే ఇవ్వరట. గట్టిగానే అడిగాను," అన్నాను.

ఆవిడ తడిసిన మఫ్లర్ సర్దుకుంది. "పోన్లే తల్లీ. నీకన్నా దొరికింది," అంది.

ఏప్రిల్‌కల్లా నాకు తాత్కాలికపు పన్ను పెట్టారు. స్టావ్ మాట నిలబెట్టుకున్నాడు. కౌంటర్ దగ్గరికి వచ్చిన మొదటి శుక్రవారం, జనం తలుపు బయటిదాకా నిలబడి ఉంటే, వాళ్ల మధ్యలోంచి మార్జరీ వచ్చింది. దవడ ఇంకా వాచే ఉంది. మెత్తటి బఠాణీలు అడిగింది. చేప మీద కరకరలాడే తొడుగు తీసేసి ఇమ్మంది.

"అబ్బ, ఎంత బాగా కుదిరిందే నీ పన్ను!" అని, వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా చెప్పింది. "ఈ అమ్మాయి నా చోటు కోసం ఆ క్లినిక్ వాళ్లతో పోట్లాడింది తెలుసా? సొంతవాళ్లు కూడా అలా చెయ్యరు!"

"శభాష్ గేనర్!" అన్నారెవరో. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. నేను కొత్త పన్ను కనపడేలా పళ్లికిలించాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"గురువారం వాళ్ల దగ్గరికి వెళ్తున్నా. నువ్వు కూడా వచ్చి నాలుగు ముక్కలు చెప్పవూ? సాక్షివి నువ్వేగా," అంది మార్జరీ.

"గురువారం నాకు పనుంది మార్జరీ గారూ."

మూకుడు దగ్గర్నుంచి స్టావ్ తల ఎత్తాడు. "గురువారం నీకు సెలవేగా! వెళ్లిరా, పుణ్యం."

"మా అక్కకి ఒంట్లో బాగాలేదు. హల్ ఊరికి వెళ్లాలి," అన్నాను. మా అక్క ఆ వారం స్పెయిన్‌లో ఉంది.

ఆవిడ ఒక్కతే వెళ్లింది. ఆ సంగతి నాకు తర్వాతి సోమవారం తెలిసింది. ఆరోజు అసలు పన్ను బిగించారు. మత్తు సూది వేశారు కాబట్టి పెదవి, బుగ్గ నావి కానట్టున్నాయి. నాలుక కరుచుకుంటారు జాగ్రత్త, అన్నాడు డాక్టరు. బయటికి వస్తుంటే కార్లీ పిలిచింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, బల్ల మీదికి వంగింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలండీ. మొన్న ఒక పెద్దావిడ వచ్చారు. మీరెంత చెప్పినా నేను వినలేదన్నారట. మా మేనేజర్ నా మీద కోప్పడ్డారు." ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "మధ్యలో ఎవరైనా ఉన్నారా అని నేను అడిగాననే నాకు గుర్తు. అడగలేదా? ఆరోజు నుంచి నాకు నిద్రపట్టట్లేదు."

నేను కోటు గుండీలు పెట్టుకున్నాను.

"తప్పు ఎవరిదైనా పర్లేదండీ. ఆవిడ నిజంగా మీ ముందు నిలబడ్డారని మీరొక్క మాట చెబితే చాలు, ఆవిడ పేరు కూడా రాసుకుందామన్నారు మేనేజర్. ఈరోజే చెప్పాలి. రేపు పైఆఫీసుకి జాబితా వెళ్లిపోతుంది."

ఒక్క మాట. మత్తులో ముద్దగా వచ్చినా ఆమెకి అర్థమయ్యేది. తల ఊపినా సరిపోయేది. కానీ తల ఊపితే, ఆరోజు ఎందుకు లేరన్నారని ఆమె అడుగుతుంది. ఆ ముఖం ఎదురుగా నిలబడి వినడానికి నాకు ముఖం చెల్లలేదు.

చెయ్యెత్తి బుగ్గ చూపించాను. మాట రావడం లేదన్నట్టు పెదవి తట్టుకున్నాను.

"అయ్యో, సారీ అండీ! మత్తు కదా, నాకు బుద్ధిలేదు," అని ఆమే నొచ్చుకుంది. ఒక కార్డు మీద నంబరు రాసిచ్చింది. "దిగాక ఫోన్ చెయ్యండి. ఐదింటి దాకా నేనే ఉంటాను."

ఇంటికొచ్చి వంటగదిలో కూర్చున్నాను. మూడింటికి మత్తు దిగింది. "ఉంది, నా ముందు మార్జరీ ఉంది" అని పైకి అని చూశాను. ఎక్కడా తడబడకుండా వచ్చింది. కార్డు టేబుల్ మీద పెట్టుకుని గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంత నీచురాలినని యాభై ఎనిమిదేళ్లలో నాకే తెలియదు.

ఐదుంబావుకి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తరని తెలిసే చేశాను.