చేతులు కట్టుకున్న పూట

ఆయమ్మ గిన్నెలు కడిగి బోర్లించేసరికి మేస్త్రి ఇంకా చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి. అలవాటుగా చెయ్యి చాచబోయి, ఆమె ఆ తడి చేతిని కొంగుకు తుడుచుకుంది.

మనసు చెదిరి ఆసుపత్రి పాలై, కాస్త కుదుటపడ్డాక వెళ్లడానికి చోటులేని ఆరుగురు ఉండే ఇల్లు అది. పదకొండేళ్లుగా ఆయమ్మ వాళ్లకు వండిపెడుతోంది, మాత్రలు మింగిస్తోంది, భయం పట్టుకున్న వేళ పక్కన కూర్చుంటోంది. మేస్త్రి ఒకప్పుడు ఊరందరికీ ఇళ్లు కట్టిన మనిషి. ఈ రోజు ఆసుపత్రి మేడమ్ వచ్చి చూస్తుంది. తన మాత్రలు తానే వేసుకుని, పాలు తానే కాచుకోగలిగితే అతనికి వీధి చివర విడిగా గది ఇస్తారు. లేకపోతే మళ్లీ ఏడాదికే.

"అక్కా, పోయినసారి తప్పింది నేను కాదు, నువ్వు," అన్నాడు మేస్త్రి. "ఈసారి చేతులు కట్టేసుకో."

నిజమే. అప్పుడు మేడమ్ చూస్తుండగానే ఆయమ్మే మాత్రలు విప్పి అతని అరచేతిలో పెట్టేసింది.

మేడమ్ వచ్చి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుంది. మాత్రల గండం గడిచింది. మేస్త్రి పొయ్యి మీట తిప్పి అగ్గిపుల్ల గీశాడు. విరిగింది. రెండోది వెలగలేదు. గ్యాసు బుసకొడుతోంది. మేడమ్ కలం ఆగిపోయింది. ఆయమ్మ కాలు ఒక అడుగు ముందుకు పడింది.

అన్నయ్య గుర్తొచ్చాడు. పుట్టింట్లో వెనక గదిలో గొళ్లెం పెట్టి ఉంచిన అన్నయ్య. ముద్దలు కలిపి నోట్లో పెట్టింది తనే. ముప్పై ఏళ్లు బతికి, ఒక్కసారైనా గ్లాసెడు నీళ్లు ముంచుకోకుండానే పోయాడు. ఎవరూ ముంచుకోనివ్వలేదు, తనతో సహా.

ఆయమ్మ రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుంది.

మేస్త్రి మూడో పుల్ల తీశాడు. గీయబోయి, గాలి పీల్చి చూశాడు. పుల్ల గట్టు మీద పెట్టేసి, పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది మేడమ్.

"వాసన పోనివ్వండి. పాలకేం తొందర?"

మేడమ్ తల వంచుకుని చాలాసేపు రాసింది.

సాయంత్రానికి తాళంచెవి వచ్చింది. మిగతా ఐదుగురూ గేటుదాకా సాగనంపారు. వంట మాడిపోతే మాత్రం ఇక్కడికే భోజనానికి వస్తానన్నాడు మేస్త్రి.

"మాడినా నువ్వే తినాలి," అంది ఆయమ్మ.

అతను మలుపు తిరిగాక ఆమె పెరట్లోకి వెళ్లింది. దండెం మీద అతను మరిచిపోయిన తువ్వాలు ఉంది. సరిగా పిండలేదు, ఒక కొస నేలకు జారి, చుక్కా చుక్కా నీళ్లు కారుతున్నాయి. ఆయమ్మ చెయ్యి చాచబోయి, మళ్లీ చేతులు కట్టుకుంది.